సిగ్గుపడవలసిన జబ్బు కాదు



మన ఆడవాళ్లం కన్నతల్లితో కూడా చెప్పుకోని బాధ ఒకటుంది. ఈ రోజు దాని గురించే చెబుతాను. బాపట్లలో పెళ్లికి రమ్మంటే ఏదో వంక చెప్పే ఇల్లాలు, రేపల్లె నుంచి తెనాలికి రైలెక్కాలంటే భయపడే ఇల్లాలు మన చుట్టాల్లోనే ఉండవచ్చు. గర్వమనుకుంటాం. కాదండీ, దొడ్డికి వస్తే ఆపుకోలేదు, అదీ ఆమె భయం.

మలద్వారం చుట్టూ రెండు కండరాలు ఉంగరాల్లా ఉంటాయి. లోపలిది దానంతటదే బిగిసి ఉంటుంది. బయటిది మనం కావాలని బిగించేది. కష్టమైన కాన్పులో ఇవి చిరగవచ్చు. అప్పుడే కనిపెట్టి సరిగా కుట్టకపోతే, కొందరికి వెంటనే, కొందరికి ముట్లుడిగే వయసులో ఈ బాధ బయటపడుతుంది.

దీనికి వైద్యం ఉంది. ముందు ఆహారంలో మార్పు, మందులు, ఆ కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం. చాలామందికి వీటితోనే నెమ్మదిస్తుంది. లేకపోతే చిరిగిన అంచులను దగ్గరకు తెచ్చి కుడతారు.

కుట్టడానికి కండరమే మిగలకపోతే? తొడ లోపలివైపు గ్రాసిలిస్ అని సన్నటి, పొడుగాటి కండరం ఉంది. మోకాలి కింద ఉన్న దాని కొసను విడదీసి, చర్మం కిందుగా తెచ్చి, మలద్వారం చుట్టూ చుట్టి, పిరుదు ఎముకకు కుడతారు. దాని ముఖ్యమైన రక్తనాళం, నరం తొడ పైభాగంలో ఉంటాయి గనుక కండరం బతికే ఉంటుంది. తొడలో ఆ పని చేసే కండరాలు ఇంకా ఉన్నాయి గనుక నడక చెడదు. 1952లో అమెరికాలో డాక్టర్ పిక్రెల్ పిల్లలకు ఈ ఆపరేషన్ చేసిన సంగతి ప్రకటించారు.

అయితే తొడ కండరం త్వరగా అలసిపోతుంది. అందుకని 1980ల చివరి నుంచి యూరప్ డాక్టర్లు చిన్న విద్యుత్ యంత్రాన్ని ఒంట్లో అమర్చి, కొన్ని వారాలపాటు కండరానికి బిగువు అలవాటు చేశారు. ఇది పెద్ద ఆపరేషన్. చీము పట్టవచ్చు, మలబద్ధకం రావచ్చు, అందరికీ గుణమివ్వదు కూడా. ఇప్పుడు నడుము కింది నరానికి విద్యుత్తు ఇచ్చే పద్ధతీ ఉంది. ఎవరికి ఏది తగునో పరీక్ష చేసిన డాక్టరే చెప్పాలి.

మన చేతిలో ఉన్నది నోరు తెరిచి చెప్పడం. తెనాలిలో చూపించుకున్నా, గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లినా "గ్యాసండీ" అని సరిపెట్టకండి. "దొడ్డికి ఆపుకోలేకపోతున్నాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఎన్ని కాన్పులు, కుట్లు పడ్డాయా, ఎప్పటినుంచి ఈ బాధ అన్నదీ చెప్పండి.

అత్తగార్లకూ ఒక మాట. కోడలు గుమ్మం దాటడం లేదంటే కసరకండి. పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడగండి. డాక్టరు దగ్గరకు మీరే తోడు వెళ్లండి.

సెలవు.