వేసవి సెలవుల్లో పిల్లల నాటక తరగతి
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు పదిహేను నిమిషాలిచ్చారు. సెక్రటరీగారు అప్పుడే గడియారం చూస్తున్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాము. రెండు వేసవులుగా మన పిల్లలకు జరిపిన నాటక తరగతి గురించి చెప్పమన్నారు. బాగా జరిగిందని చెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోవచ్చు. కాని మొదటి ఏడు అది బాగా జరగలేదు. ఎందుకు జరగలేదో చెప్పకపోతే రెండో ఏటి సంగతి మీకు అర్థం కాదు.

మేమంటే నలుగురం. ఇద్దరు బడి టీచర్లు, ఒకరు పోస్టాఫీసులో రిటైరైనవారు, ఒకరు ఎం.ఏ. చదివి ఇంటిపట్టున ఉన్న అమ్మాయి. నలుగురిలో ముఖానికి రంగు వేసుకున్న అనుభవం ఒక్కరికే ఉంది, అదీ కాలేజీ రోజుల్లో.

సంఘంలో ఈ మాట 2018లోనే వచ్చింది. అయితే ఆ ఏడు, మరుసటి ఏడు రంజాను మాసం మే నెలలో పడింది. ఉపవాసాలుండే పెద్దపిల్లల్ని ఆ ఎండల్లో గెంతించలేము కదా. ఆ తర్వాత రెండేళ్ళు కరోనా తినేసింది. 2023 నాటికి రంజాను సెలవులకు ముందే అయిపోవడం మొదలైంది. 2024లో ధైర్యం చేశాము. ఆ మే 13న ఎన్నికలు, బడులన్నీ పోలింగు కేంద్రాలు. ఎన్నికలు దాటాక ఒక ఫంక్షన్ హాలువారు పెళ్ళిళ్ళు లేని రోజుల్లో పొద్దుటి పూట వాడుకోమన్నారు.

ఇక మేము చేసిన తప్పులు వినండి.

మొదటి రోజే పిల్లల చేతుల్లో కాగితాలు పెట్టాము. అక్బరు, బీర్బలు కథ. మా పోస్టాఫీసు పెద్దాయన రాత్రులు కూర్చుని రాశారు. "ప్రభువుల వారి ఆజ్ఞ శిరసావహిస్తాను" వంటి మాటలు. పిల్లలు ఆ కాగితాలు ఇంటికి పట్టుకుపోయి బట్టీపట్టి, మర్నాడు బడిలో ప్రతిజ్ఞ చదివినట్టు చదివారు. నేల మీద సుద్దతో గీతలు గీశాము. నువ్విక్కడ నిలబడు, రెండో మాటకు అక్కడికి నడువు, చెయ్యి ఇలా ఎత్తు. పాపం పిల్లలు కిందికి చూసి గీత వెతుక్కుంటూ నడిచారు. బీర్బలు కూడా కిందికి చూస్తూనే తెలివైన జవాబులు చెప్పాడు.

చివరి రోజు పెద్ద సభ. షామియానా, మైకు, శాలువలు, జ్ఞాపికలు. సాయంత్రం ఆరింటికి పిల్లలకు రంగులు వేశాము. ప్రసంగాలు మొదలయ్యాయి. ఈ వేదిక మీద ఉన్న పెద్దలు మన్నించాలి, వారిలో కొందరు ఆ రోజు కూడా ఉన్నారు. నాటకం మొదలయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అక్బరు పాదుషా తెర వెనుక గోడకు ఆనుకుని నిద్రపోయాడు. లేపి తీసుకొచ్చేసరికి మీసం చెవి దగ్గరికి జారింది. జనం నవ్వారు. వాడు ఏడుపు ఆపుకుని మాటలన్నీ ఒప్పజెప్పి దిగాడు. ఏ నాటకమైనా ఇంత త్వరగా అయిపోవడం మేము చూడలేదు.

మర్నాడు సామాను సర్దుతుంటే ఒక తల్లి వచ్చి అడిగింది. "మావాడు ఇంట్లో నోరు మూయడు. మేనమామ నడక, పాలవాడి అరుపు అన్నీ చేసి చూపిస్తాడు. అక్కడ కొయ్యబొమ్మలా నిలబడ్డాడేం?" ఆమె దెప్పడానికి అనలేదు, తెలియక అడిగింది. మాకూ జవాబు తెలియలేదు.

ఆ ఏడంతా ఆ ప్రశ్నే మమ్మల్ని వెంటాడింది. దొరికిన పుస్తకాలు చదివాము. హబీబ్ తన్వీర్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. రాయపూర్‌లో 1923లో పుట్టి, నాటకరంగంలో దేశమంతా పేరు తెచ్చుకుని 2009లో కాలం చేశారు. ఆగ్రా కవి నజీర్ కాలాన్ని చూపే 'ఆగ్రా బజార్' నాటకాన్ని 1954లో ఢిల్లీ జామియా మిల్లియా విద్యార్థులతో, పక్కనున్న ఓఖ్లా గ్రామస్తులతో ఆడించారు. తర్వాత ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి నాచా కళాకారుల్ని తెచ్చుకుని వారిచేత హిందీలో మాట్లాడించారు, ముందుగా గీసుకున్న గీతల ప్రకారం నడిపించారు. ఊళ్ళో రాత్రంతా జనాన్ని నవ్వించగల ఆ నటులు ఆయన నాటకాల్లో బిగుసుకుపోయారు. తాను చేస్తున్న తప్పు తెలుసుకోవడానికి ఆయనకే ఏళ్ళు పట్టిందట. తల్లిభాషలో మాట్లాడనిచ్చి, నడకను వారికే వదిలేశాక ఆ మనుషులు ఆ మనుషులయ్యారు. 1975 నాటి 'చరణ్‌దాస్ చోర్' అలా తయారైనదే.

అంతటి వాడికే ఏళ్ళు పడితే మాకు ఒక ఏడు పట్టడం పెద్ద సిగ్గు కాదనుకున్నాము. అవే రెండు తప్పులు, భాష ఒకటి, సుద్దగీతలు ఒకటి.

మన పిల్లల సంగతి మీకు చెప్పాలా? ఇంట్లో ఉర్దూ, తెలుగు కలగలిపి మాట్లాడతారు. వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. "నక్కో" అంటే క్లాసులో నవ్వుతారు. ఇంట్లో తప్పు లేకుండా తెలుగు మాట్లాడితే దాదీమా, "బడికి పోయి దొరవయ్యావే" అంటుంది. నోరు తెరిచే ముందు ఇది ఎక్కడి మాట, ఎక్కడ అనాలి అని ఆలోచించుకోవడంతోనే సగం పిల్లలు నోరు మూసేసుకుంటున్నారు. అమెరికాలో వయోలా స్పోలిన్ అనే ఆమె 1930ల చివర షికాగోలో వలసవచ్చిన కుటుంబాల పిల్లలకు నాటకం నేర్పబోయి ఇటువంటి చిక్కే ఎదుర్కొంది. ఉపన్యాసాలు మానేసి ఆటలు పెట్టింది. ఆ ఆటల్ని 1963లో పుస్తకంగా వేసింది. వాటిలో కొన్ని మన పిల్లలు వీధిలో ఆడుకునే ఆటలకు పెద్ద దూరం కావు.

2025 మేలో కాగితాలు లేవు, మైకు లేదు. పొద్దున ఆరున్నరకు మొదలు, తొమ్మిదిన్నరకు ముగింపు. ఆ వేళలకు ఒక కారణం ఎండ. రెండో కారణం, పెద్దపిల్లల్లో కొందరు సెలవుల్లో పరుపుల కొట్టులోనో, మెకానిక్ షెడ్డులోనో పనికి వెళతారు. పదింటికి వాళ్ళు షాపులో ఉండాలి. వాళ్ళను వదిలేసి జరిపే తరగతి మాకు అక్కరలేదు.

మొదటి వారం అంతా ఆటలే. గుండ్రంగా నిలబడి ఎవరి పేరు వాళ్ళు ఒక్కొక్క రకంగా చెప్పడం. కాలే తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నడవడం, మోకాలి లోతు బురదలో నడవడం. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరికి ఒకరు అద్దం కావడం. అద్దం ఆట చూడటానికి తేలికే. నువ్వు తొందరపడితే ఎదుటివాడు అందుకోలేడు, వాడికోసం నెమ్మదించాలి. పిల్లలకు అది మూడో రోజుకు పట్టుబడింది. మా నలుగురికి ఇంకా పట్టుబడలేదు, మాలో మాకు ఇప్పటికీ మాటామాటా వస్తుంటుంది.

రెండో వారం కథ చెప్పాము. ప్రేమ్‌చంద్ 1933లో రాసిన 'ఈద్గాహ్'. అమ్మానాన్న లేని హమీద్ పండుగనాడు మూడు పైసలతో తోటివాళ్ళ వెంట వెళతాడు. వాళ్ళు సిపాయి, భిస్తీ, వకీలు, చాకలమ్మ మట్టిబొమ్మలు కొనుక్కుంటారు. వీడు రొట్టెలు కాల్చేటప్పుడు దాదీ వేళ్ళు కాలుతున్నాయని పట్టకారు కొంటాడు. కథ చెప్పి ఊరుకున్నాము. మీరే ఆడండి అన్నాము. బొమ్మల వేషాలు మేమే వేస్తామని వాళ్ళే అన్నారు. సిపాయి కాలు ఎలా విరగాలి, వకీలు అరుగు మీద నుంచి ఎలా పడాలి అని ఒక పూటంతా తగువులాడుకున్నారు. ఏ భాషలో మాట్లాడాలో మేము చెప్పలేదు. దాదీ ఉర్దూలో దీవించింది, కొట్టువాళ్ళు తెలుగులో కేకలేశారు, సిపాయి సెల్యూట్ కొట్టి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. బాగున్న మాటల్ని మా అమ్మాయి వెనకాల కూర్చుని రాసుకుంది. మా నాటకం కాగితం మీదికి అలా వచ్చింది, పిల్లల నోట్లోంచి కాగితానికి.

పట్టకార్లు అమ్మేవాడి వేషం ఒక అబ్బాయిది. పదేళ్ళవాడు, తండ్రి తోపుడుబండి మీద గిన్నెలు అమ్ముతాడు. వాడికి నత్తి. 2024లో వాడికి మాటలు లేని భటుడి వేషమిచ్చాము, మంచిపని చేశామనుకున్నాము. ఈసారి వాడే లేచి, కొట్టు నాది అన్నాడు. కథలో కొట్టువాడు ముందు ఆరు పైసలంటాడు, తర్వాత ఐదుకు దిగుతాడు, చివరికి మూడు పైసలకే ఇచ్చేస్తాడు. ఆ దిగడం ఎలాగో వీడికి మాకంటే బాగా తెలుసు. రోజూ చూస్తున్నాడు కదా. కొననంటే అటు తిరిగిపోవడం, మళ్ళీ ఓరకంట చూడడం, పట్టకారును రెండుసార్లు కొట్టి మోత వినిపించడం. నత్తి పోలేదండీ, పోయిందని చెబితే అబద్ధం. "ఆ... ఆ... ఆరు" అని ఆగాడు. హమీదు వేషం వేసిన పిల్ల తన పాళ్ళు అందుకోకుండా వాడు పూర్తి చేసేదాకా నిలబడింది. ఒక్కరూ నవ్వలేదు. అక్కడ మాకు అద్దం ఆట గుర్తొచ్చింది.

ఇంకొక ఇంటి సంగతి. పన్నెండేళ్ళ పాపను 2024లో మూడు వారాలూ పంపి, చివరి రోజు పంపలేదు. షామియానా కింద, మగవాళ్ళ సభలో, మైకు ముందు మా పిల్ల ఎందుకని తాతగారు అన్నారు. మేము నొచ్చుకున్నాము, అప్పుడు ఒకటి రెండు మాటలు అన్నాము కూడా. ఈసారి ముందే వాళ్ళింటికి వెళ్ళాము. సినిమా పాటలు, డాన్సులు ఉండవని, చివరి రోజు ఇంటివాళ్ళు తప్ప ఎవరూ ఉండరని చెప్పాము. పిల్లను పంపారు. ఆ పాపకు భిస్తీ బొమ్మ వేషం వచ్చింది. భిస్తీ అంటే ఏమిటో తరగతిలో ఒక్కరికీ తెలియదు. పాప ఇంటికెళ్ళి అడిగింది. మర్నాడు తాతగారే కర్ర పట్టుకుని వచ్చారు. తోలుసంచి నిండా నీళ్ళుంటే నడుము ఎటు వంగుతుంది, సంచి మూతి ఏ చేత్తో పట్టుకుంటారు, ఆగి నీళ్ళు పోసేటప్పుడు భుజం ఎలా దించుతారు, అన్నీ నడిచి చూపించారు. పిల్లలు ఆయన వెనక వరుసగా నడిచారు. చివరి రోజు ఆయన వచ్చారు గాని లోపలికి రాలేదు. వరండాలో కుర్చీ వేసుకుని కిటికీలోంచి చూశారు. వరండా ఆయనిష్టం, మేము రెట్టించలేదు.

"ఈ ఆటలు మనకెందుకు, నాలుగు ట్యూషన్లు చెప్పించరాదా" అని అడిగేవారికి ఒకరి పేరు చెబుతాము. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్. పేద దూదేకుల ఇంటి పిల్లవాడు. చిన్నతనంలోనే నాటకాల్లో వేషాలు కట్టాడు, పెద్దై బుర్రకథను తెలుగు దేశమంతా వినిపించాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో పోయారు. ఆ పిల్లవాణ్ణి వేషం కట్టనిచ్చిన పెద్దలెవరో ఒకరు ఆనాడు ఉండబట్టే కదా. అంతమాత్రాన మా తరగతిలో ప్రతివాడూ నాజర్ అవుతాడని మేము చెప్పడం లేదు. ఒక్కడూ కాకపోయినా మాకు ఫరవాలేదు.

పక్క రాష్ట్రంలో మైసూరు రంగాయణం, 1989లో బి.వి. కారంత్ నడిపించిన సంస్థ, వేసవి సెలవుల్లో 'చిన్నర మేళా' అని పిల్లలకు నాటక శిబిరం జరుపుతున్నది. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా వారు అదే 1989లో పిల్లల నాటకాలకు ప్రత్యేక బృందం పెట్టారు. మన సురభి వాళ్ళకైతే శిబిరమే అక్కరలేదు, 1885 నుంచి వాళ్ళ పిల్లలు తెర వెనుక ఉయ్యాల్లోనే పెరుగుతున్నారు. మనకు అంత శక్తి లేదు. మూడు వారాలు, ఒక గది, చాపలు, మజ్జిగ.

అయితే ఒక్క విషయం కార్యవర్గం ముందు ఉంచుతున్నాము. 2024 ఖర్చులో సగం పైన షామియానాకు, మైకుకు, జ్ఞాపికలకు పోయింది. 2025లో అవేమీ లేవు. మిగిలిన డబ్బు జనరల్ ఫండులో కలిపారని తెలిసింది. ఆ డబ్బు మాకు తిరిగి ఇప్పిస్తే నాటకం చదువుకున్న ఒక మాస్టారిని మూడు వారాలకు పిలిపించుకుంటాము. మేము నలుగురం ఎంత చేసినా పుస్తకం చూసి వంట చేసినట్టే ఉంది. ఇరవై, పాతికమంది పిల్లలకు ఒక మనిషి చొప్పున కావాలి. ఈసారి వచ్చే పిల్లలు అంతకు రెట్టింపు ఉండేట్టున్నారు. 2026లో బక్రీదు మే నెలాఖరులో వస్తుంది, కాబట్టి నెల మొదట్లోనే మొదలుపెట్టి పండుగకు ముందే ముగించాలి. చివరి రోజు మళ్ళీ పెద్ద సభ పెట్టాలని కొందరు అంటున్నారు. పెట్టుకోండి, దానికి వేరే రోజు, వేరే పిల్లల్ని చూసుకోండి. మా పిల్లల్ని మాత్రం అడగవద్దని మనవి.

సెక్రటరీగారు లేస్తున్నారు. ఇంకొక్క మాట. నాటకానికి తెచ్చిన పట్టకారు ఒకటి పోయిన మే నుంచి మా దగ్గరే ఉండిపోయింది. ఎవరింటిదో తెలియడం లేదు. పిడి దగ్గర కొంచెం వంగి ఉంటుంది. ఇక్కడే సంచిలో తెచ్చాము. ఎవరిదైతే వారు సభ కాగానే వచ్చి తీసుకోండి. ఖుదా హాఫిజ్.