నా పాత దుర్భిణి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



కాలక్షేపం గురించి చెప్పమన్నారు. నాది రైఫిల్ క్లబ్బు నాటి దుర్భిణి. 1971లో హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో ఇత్తడి సామాన్ల మధ్య దొరికింది. ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు, పైన తోలు తొడుగు, ‘స్కౌట్ రెజిమెంట్’ అని పొడి అక్షరాల్లో చెక్కడం. బ్రిటిష్ సైన్యపు సరుకు. యుద్ధాల తర్వాత ఇలాంటివి ఇంగ్లండులోని బిస్లీ రేంజిలో షూటర్ల మోచేతి పక్కకు చేరాయి.

.22 గుండు చేసే చిల్లు అయిదున్నర మిల్లీమీటర్లు. 50 మీటర్ల నుంచి, నల్లవలయంలో, మామూలు కంటికి ఆనదు. కాల్పులు ఆగేదాకా లేచి వెళ్లకూడదు. దుర్భిణి ఉంటే పడుకున్న చోటి నుంచే చూసుకోవచ్చు. ఇంకో గుట్టుంది. దూరపు రేంజిలో గొట్టం కాస్త లాగి, టార్గెట్‌కు ఇవతల చూస్తే, ఎండకు గాలి నీళ్లలా పారుతూ కనిపిస్తుంది. ఎటు పారితే గాలి అటు!

ఇప్పుడు ఎలక్ట్రానిక్ టార్గెట్లు వచ్చాయి. దెబ్బ ఎక్కడ తగిలిందో తెరమీదే తెలుస్తుంది. ‘ఇంకా ఎందుకు నాన్నా ఇది?’ అంటాడు మా అబ్బాయి. కొత్తవాటంత వెలుగు దీనికి లేదు, నిజమే. పైగా ఒక వానాకాలమంతా తోలు సంచిలో మూసిపెట్టి అద్దానికి బూజు పట్టించింది నేనే. తుడిపించినా మూల మచ్చ మిగిలింది.

శుక్లం ఆపరేషనయిన నెలకు దీన్ని తీసుకుని డాబా ఎక్కాను. ఎదురు వీధి నీళ్ల ట్యాంకు మీది అంకెలు ఒక్కొక్కటే చదివాను. ‘ఏం కనబడుతోందండీ?’ అని కిందినుంచి మా ఆవిడ. ‘మచ్చతో సహా అన్నీ’ అన్నాను.

ఈరోజు తెచ్చాను, బల్లమీద ఉంది. చూడండి. అద్దానికి మాత్రం వేలు తగలనివ్వకండి.