ఒలిసబాంగ్ ఎక్కడుంది?

(బెంగళూరులో తెలుగు విద్యార్థులు, సండే స్కూల్ టీచర్లతో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ ఊళ్లోనే, చామరాజపేటలో, 2018 మే 23న ఒక మనిషిని జనం కాళ్లూ చేతులూ కట్టేసి కొట్టి చంపారు. రాజస్థాన్ నుంచి వచ్చిన యువకుడు, 26 ఏళ్లు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని అనుమానం, అంతే. ఆ రోజుల్లో వాట్సాప్‌లో ఒక వీడియో తెగ తిరిగింది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే బైక్ మీద ఇద్దరొచ్చి ఒక బాబును ఎత్తుకుపోతారు. అది బెంగళూరు కాదు, కరాచీ. పిల్లల భద్రత గురించి జనాన్ని హెచ్చరించడానికి అక్కడివాళ్లు నటింపజేసి తీసింది. అసలు వీడియోలో ఆ ఇద్దరూ తిరిగొచ్చి, బాబును దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కోసేశారు. అదే ఏడాది జూలైలో బీదర్ జిల్లా ముర్కిలో మన హైదరాబాద్ ఇంజినీరు ఒకరు ఇలాంటి అనుమానానికే బలయ్యారు. ఆయన వెంట ఉన్నవాళ్లు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారట!

ఇదంతా చదువులేని వాళ్ల పని అనుకోకండి. మన క్రైస్తవ గ్రూపుల్లో చాలా ఏళ్లుగా తిరుగుతున్న ఒక అత్యవసర ప్రార్థన మనవి ఉంది. భారతదేశంలో బౌద్ధ తీవ్రవాదులు నిన్న రాత్రి 20 చర్చిలు తగలబెట్టారట, ఈ రాత్రి ఒలిసబాంగ్ అనే రాష్ట్రంలో మరో 200 నాశనం చేస్తారట. దీన్ని డిగ్రీలున్నవాళ్లే పంపుతున్నారు.

నిదానంగా చదువుదాం. ఒలిసబాంగ్ అనే రాష్ట్రం మన దేశంలో ఎక్కడుంది? పదో తరగతి అట్లాసు చాలు, లేదని తెలియడానికి. ‘నిన్న రాత్రి’ అంటే ఏ రాత్రి? తేదీ లేదు కాబట్టి ఎప్పుడు చదివినా నిన్నే. చూసినవారెవరు? ఒక్క ఊరి పేరు, ఒక్క మనిషి పేరు లేదు.

‘అబద్ధమైతేనేం, ప్రార్థనే కదా చేశాం’ అంటారు కొందరు. నేను ఒప్పుకోను. 2008 ఆగస్టులో ఒడిశాలోని కంధమాల్‌లో నిజంగానే చర్చిలు, ఇళ్లు కాలిపోయాయి. వేలమంది అడవుల్లోకి పరుగెత్తారు. బాధితులు ఊరి పేరు, తేదీ చెప్పి, కోర్టుల్లో నిలబడి సాక్ష్యమిచ్చారు. వాళ్ల మాటకున్న బలం అదే, ఎవరైనా వెళ్లి సరిచూసుకోవచ్చు. మనం ఒలిసబాంగ్‌ను పంపిన ప్రతిసారీ ‘క్రైస్తవుల ఫిర్యాదులన్నీ ఇలాంటివే’ అనేవాళ్ల చేతికి కర్ర అందిస్తున్నాం. పైగా నింద ఎవరి మీద పడింది? మన దేశంలో అంబేద్కర్‌గారి బాటలో బౌద్ధులైన దళితులు లక్షల్లో ఉన్నారు.

‘పాస్టరుగారే పంపారు’ అంటారు. పాస్టరుగారు మంచివారే, కానీ ఇక్కడ ఆయన పోస్ట్‌మ్యాన్, ఉత్తరం రాసినవారు కారు. పంపినవారి మంచితనాన్ని చూసి రాసినవారిని నమ్మేస్తున్నాం. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటుంది చూడండి, ఆ మాట కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని దాని అర్థం. అందరూ చెబుతున్నారని కాదు. బెరయవాళ్లు పౌలు చెప్పినదాన్నే ప్రతిదినం లేఖనాలతో సరిచూసుకున్నారు. లూకా వాళ్లను మెచ్చుకున్నాడే గాని అవిశ్వాసులనలేదు.

టీచర్లకు ఒక మాట. ఇక్కడి మన పిల్లలకు తెలుగు, కన్నడ, ఇంగ్లిష్ మూడూ వచ్చు. ఇంత సదుపాయం విజయవాడ పిల్లలకు లేదు. ఒకే వార్తను మూడు భాషల పేపర్లలో చదివించండి. మూడింటిలోనూ ఉన్న పేర్లు, అంకెల కింద గీత గీయమనండి. ఒక్కదాంట్లోనే ఉన్నదాన్ని చుట్టమనండి. అది తప్పని కాదు, దాన్ని ఎవరు చెప్పారో ఇంకా వెతకాలి.

వచ్చే ఆదివారం ఒక్కొక్కరు మీ గ్రూపులో వచ్చిన ఒక మెసేజ్‌ను చేత్తో కాగితం మీద రాసుకుని రండి. తేదీ ఉండాల్సిన చోట, పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలి రాయండి. ఆ ఖాళీల్లో ఏం నింపగలమో ఇక్కడే కూర్చుని వెతుకుదాం.