ఆలస్యంగా అందిన పదోన్నతి

(అంతర్జాతీయ చదరంగ దినోత్సవమైన జూలై 20న కలమల్లలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదరంగం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. ఆట ఎలా ఆడాలో చెప్పేంతటి వాణ్ని కాను. మన క్లబ్బులో నన్ను ఓడించని వారు ఈ సభలో బహు కొద్దిమంది! అందుకని ఆట గురించి కాకుండా ఒక ఆటగాడి గురించి చెబుతాను. ఆయన 1966 ఏప్రిల్ 25న కాలం చేశారు. దక్కవలసిన హోదా మాత్రం 2024 ఫిబ్రవరిలో దక్కింది. అంటే పోయిన దాదాపు 58 ఏళ్ళకు. నోషనల్ ప్రమోషన్ అంటే ఏమిటో, బకాయిల కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆయన పేరు మీర్ సుల్తాన్ ఖాన్. ఇప్పటి పాకిస్తాన్‌లోని పంజాబులో, సర్గోధా వైపు మిఠా తివానా అనే ఊరి మనిషి. చిన్నతనంలో తండ్రి దగ్గర దేశీ పద్ధతిలో చదరంగం నేర్చుకున్నారు. మనలో పెద్దవాళ్ళు అరుగుల మీద నేర్చిందీ ఆ ఆటే. అందులో బంటు మొదటి ఎత్తున రెండు గడులు నడవదు. క్యాస్లింగ్ లేదు. దానికి బదులు రాజు ఒక్కసారి గుర్రం ఎత్తు వేయవచ్చు.

సర్ ఉమర్ హయత్ ఖాన్ అనే పెద్ద భూస్వామి ఆయన ప్రతిభను గుర్తించి చేరదీశారు. 1928లో సుల్తాన్ ఖాన్ అఖిల భారత ఛాంపియన్ అయ్యారు. 1929లో ఆ దొరతో పాటు లండన్ వెళ్ళారు. ఇంగ్లీషు అంతంత మాత్రం. విదేశీ ఆటగాళ్ళు పుస్తకాలలో చదివి కంఠస్థం చేసిన ఆరంభపు ఎత్తులు ఆయనకు తెలియవు. అక్కడి చలి పడదు, మీదుమిక్కిలి మలేరియా. అయినా ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచారు. 1932లోనూ, 1933లోనూ మళ్ళీ గెలిచారు.

1930-31 హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకాను ఓడించారు. 1931 ప్రాగ్ ఒలింపియాడ్‌లో ఇంగ్లండు జట్టుకు మొదటి బోర్డు మీద ఆడి, రూబిన్‌స్టీన్‌ను, ఫ్లోర్‌ను గెలిచారు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ అలెఖీన్‌తో సమంగా నిలిచారు. ఆరంభంలో వెనకబడినా ఆట చివరికి వచ్చేసరికి ఆయనను పట్టడం కష్టమయ్యేది. చిన్నప్పటి దేశీ ఆటలో నిదానంగా బంట్లు నడిపిన అలవాటు అక్కడ అక్కరకొచ్చిందని నాకనిపిస్తుంది.

1933 చివర స్వదేశానికి తిరిగి వచ్చేశారు. 1935లో ఖాడిల్కర్‌తో పది ఆటలాడి తొమ్మిది గెలిచి, ఒకటి డ్రా చేసుకున్నారు. తరువాత పోటీల జోలికి పోలేదు. సేద్యం చేసుకుంటూ గడిపారు. 1950లో ప్రపంచ చదరంగ సమాఖ్య మొదటిసారిగా గ్రాండ్‌మాస్టర్ బిరుదులిచ్చింది. పాత ప్రతిభను లెక్కలోకి తీసుకుని రూబిన్‌స్టీన్‌కు కూడా ఇచ్చింది. ఆయనను ఓడించిన సుల్తాన్ ఖాన్‌కు ఇవ్వలేదు. 2024లో సమాఖ్య అధ్యక్షుడు ఇస్లామాబాదు వెళ్ళి, ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించే పత్రాన్ని పాకిస్తాన్ ప్రధానికి అందజేశారు.

ఇక్కడ ఒక మాట. చాలా పుస్తకాలు ఆయనను 'నౌకరు' అనీ, 'చదువు రానివాడు' అనీ రాశాయి. ఆయన కుటుంబం వారు ఆ మాటను ఖండించారు. పోయినవారు తమ తరఫున తాము జవాబు చెప్పుకోలేరు. వారి గురించి మనం వాడే ఒక్కొక్క మాటా వారి సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ లాంటిది. తెలిసి రాయాలి, తెలియనిది రాయకూడదు.

మరి మన తెలుగువారి మాట? 1955లో మొట్టమొదటి జాతీయ చదరంగ పోటీ జరిగింది మన ఏలూరులో. మహారాష్ట్రకు చెందిన రామచంద్ర సప్రేతో కలిసి సంయుక్త విజేతగా నిలిచింది మన డి. వెంకయ్య గారు. స్వతంత్ర భారత తొలి జాతీయ ఛాంపియన్లలో ఒకరు తెలుగువారని ఇంట్లో పిల్లల్ని అడిగి చూడండి, ఎంతమందికి తెలుసో! హరికృష్ణ 2001లో, హంపి 2002లో, హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. 2024లో బుడాపెస్ట్‌లో భారత జట్లు రెండు స్వర్ణాలు తెచ్చినప్పుడు పురుషుల జట్టులో హరికృష్ణ, వరంగల్లు అర్జున్, తెలుగింటి గుకేశ్, మహిళల జట్టులో హారిక ఉన్నారు. వీళ్ళ పేర్లు పిల్లల నోళ్ళలో నానుతున్నాయి, సంతోషం. ఆ వరుసకు మొదట వెంకయ్య గారి పేరు కూడా చేర్చి చెప్పడం మన బాధ్యత.

మనం కూర్చున్నది కలమల్లలో. క్రీస్తు శకం 575 నాటిదని పండితులు చెప్పే తొలి తెలుగు శాసనం ఈ ఊరి చెన్నకేశవాలయ ఆవరణలోనే దొరికింది. రేనాటిని ఏలిన ఎరికల్ ముత్తురాజు పేరు మనకెలా తెలిసింది? ఎవరో ఒకరు రాయి మీద చెక్కబట్టి. సుల్తాన్ ఖాన్ గొప్పతనం ఎలా నిలిచింది? ఆయన వేసిన ఎత్తులు ఎవరో కాగితం మీద రాసి ఉంచబట్టి. ఆ ఆటలను ఇవాళ కూడా బోర్డు మీద పెట్టి ఆడి చూడవచ్చు. కాపాబ్లాంకా మీద గెలుపు ఏ సాక్షి సిఫారసూ లేకుండా తనంతట తానే రుజువవుతుంది.

షిఫ్టు దిగి వచ్చి, అన్నం కూడా మరిచి మన క్లబ్బులో బోర్డు ముందు కూర్చున్న మిత్రులు కొందరు ఇవాళ మన మధ్య లేరు. అక్కడ ఆఫీసరూ లేడు, హెల్పరూ లేడు. బాగా ఆడినవాడే పెద్ద. వాళ్ళలో ఒకాయన నాతో అనేవారు: "అన్నా, తొందరపడొద్దు. బంటును కూడా అడిగి కదుపు." ఆయన ఆడిన ఒక్క ఆట కూడా మేము రాసి ఉంచలేదు. ఆ పశ్చాత్తాపంతోనే ఈ మాటలు చెబుతున్నాను.

కనుక నాది ఒక్క విన్నపం. సంఘం తరఫున ఒక నోటుపుస్తకం తెరుద్దాం. ఆదివారం ఆదివారం పిల్లలను కూర్చోబెట్టి ఆడిద్దాం, ఎత్తులు రాయడం నేర్పిద్దాం. పోయిన మిత్రుల గురించి తెలిసింది తెలిసినట్టు అందులో రాద్దాం. ఉన్నవారి గురించి కూడా రాద్దాం, వారు చదువుకుని సంతోషించేలాగా. 58 ఏళ్ళు ఆగనక్కరలేదు.