కావేరి నీటి లెక్కలో చేప పద్దు

(హోసూరు ప్రాంతపు తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి ధాన్యపు కొట్టులో కూర్చున్నవాడను. కావున కావేరీ నదిని గూర్చి చిట్టా, ఆవర్జాలు వ్రాయువాని దృష్టితోనే కొన్ని మాటలు విన్నవించుకొందును.

మన జిల్లా సరిహద్దున ప్రవహించు ఈ నదిలో మూపురపు మహసీరు అను చేప గలదు. ఆబోతునకు వలె దీనికి తల వెనుక మూపురము లేచియుండును. 1946లో మైసూరు నివాసి వాన్ ఇంగెన్ గారు కావేరికి ఉపనదియగు కబినిలో గాలముతో పట్టిన మహసీరు 120 పౌండ్లు తూగినది. అనగా సుమారు 54 కిలోలు. మా కొట్టులోని బియ్యపు బస్తాకంటె అది బరువు! కావేరియు దాని ఉపనదులును తప్ప ఈ చేపకు లోకమున వేరు నివాసము లేదు. ఇంతటి ప్రసిద్ధి గల జీవికి శాస్త్రజ్ఞులు సరియైన శాస్త్రీయ నామమును నిర్ణయించినది 2018లో మాత్రమే. ఆ పేరు టోర్ రెమదేవి. ఆ సంవత్సరముననే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని అత్యంత ప్రమాదస్థితిలోనున్న జీవులలో చేర్చినది. పేరు నిర్ణయమైన యేడే మరణశయ్యపై నున్నదని తెలిసినది.

ఈ దుస్థితికి కారణములు పెక్కు. కృష్ణరాజసాగర నిర్మాణము 1911లో ప్రారంభమైనది. మేట్టూరు ఆనకట్ట 1934లో పూర్తియైనది. శివసముద్రమున 1902లోనే విద్యుదుత్పత్తి యారంభమై, ఆ విద్యుత్తు కోలారు బంగారు గనులకు పోయినది. ఆ గనులలో మనవారెందరో చెమటోడ్చిరి. ఆనకట్టల మేలును కాదనుట నా అభిమతము గాదు. వానివలన అన్నము తిన్నవారిలో మనమును ఉన్నాము. కాని ఆనకట్ట నదిని ఆపునది మాత్రమే గాదు, నది పంచాంగమునే మార్చునది. మహసీరు జాతి చేప వర్షకాలమున వరద సూచన నెరిగి ఎగువకు ఈది, గులకరాళ్లపై గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు పొదుగుటకు పారు నీరు, అందులో ప్రాణవాయువు కావలెను. ఉదయము విడిచిన నీటిని సాయంకాలమున కట్టివేసినచో గ్రుడ్లు ఎండిపోవును, పిల్లలు రాళ్ల సందుల గుంటలలో చిక్కుకొనును. వేసవిలో ప్రవాహము సన్నగిల్లినపుడు పెద్ద చేపలు లోతు మడుగులలో తలదాచుకొనును. అచ్చట మందుగుండు పేల్చి పట్టువారికి అవి సులభముగా చిక్కును.

ఇక నీటి లెక్కకు వత్తము. 2007లో కావేరీ ట్రిబ్యునలు 740 టి.ఎం.సి.ల నీటిని పంచినది. యానాము సోదరులు ఏ ప్రభుత్వము క్రింద నున్నారో ఆ పుదుచ్చేరికి, కారైకాలు నిమిత్తమై, 7 టి.ఎం.సి.లు వచ్చినవి. నదీ పర్యావరణమునకై 10 టి.ఎం.సి.లు వేరుగా నుంచబడినవి. 2018 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారము బిలిగుండ్లు వద్ద కర్ణాటకము సాలుకు 177.25 టి.ఎం.సి.లు విడువవలెను. అందు ఆగస్టు నెల వంతు 45.95, ఫిబ్రవరి మొదలు మే వరకు నెలకు 2.5 చొప్పున.

రెండున్నర టి.ఎం.సి.లనగా 250 కోట్ల ఘనపుటడుగులు. ముప్పది దినములు రేయింబవళ్లు సమముగా విడిచినచో సెకనుకు సుమారు 960 ఘనపుటడుగులు. చేపకు ఇది బ్రదుకు. అదే నీటిని నాలుగు దినములలో విడిచి తక్కిన దినములలో బిగబట్టినను నెల లెక్క సరిపోవును, చేప లెక్క సరిపోదు. నెల వంతును పది దినముల వంతులుగా విడదీయవలెనని ట్రిబ్యునలు తీర్పులోనే యున్నది. ఆ విభజనను దినములకు, గంటలకు కూడ తెచ్చిననే నదికి ఫలము. కూలివానికి పది దినముల బియ్యము ఒక్కసారి యిచ్చిన కుండలో పోసి దాచుకొనును. చేప తన ఊపిరిని ఏ కుండలో దాచుకొనగలదు?

ఇట్టి పని అసాధ్యము గాదు. అమెరికాలో కొలరాడో నదిపై గ్లెన్ కాన్యన్ ఆనకట్టనుండి 1996లో ఏడు దినములపాటు సెకనుకు 45,000 ఘనపుటడుగుల చొప్పున నీరు విడిచి, కొట్టుకొనిపోయిన ఇసుక తిన్నెలను, చేపలకు ఆశ్రయమగు గట్టు వెంబడి ప్రదేశములను మరల నిలుప యత్నించిరి. ఆ నదిలోను మూపురము గల చేపయే యున్నది, పేరు చబ్. దానిని తిను అన్యజాతి చేప వృద్ధి చెందకుండ 2024లో జలాశయపు లోతునుండి చల్లని నీటిని విడిచిరి. విద్యుదుత్పత్తిలో కొంత నష్టమును ఒప్పుకొనియే ఆ పని చేసిరి.

అయితే నీరొక్కటే చాలదు. కృష్ణా పరీవాహక ప్రాంతపు నీలి రెక్కల మహసీరును మహారాష్ట్రమున లోణావళాలో పెంచి, 1970ల దశకము మొదలు కావేరిలో విడిచిరి. 1998 మొదలు 2012 వరకు గాలపు వేటగాండ్రు వ్రాసియుంచిన లెక్కలలో ఈ నీలి రెక్కల చేప పెరుగుట, మూపురపు చేప తరుగుట స్పష్టము. మంచి తలంపుతో చేసిన పనియే. కాని నదికి చేపపిల్లలను తెచ్చి పోయుటయే మేలనుకొనుట పొరపాటు. ఏ చేప ఏ నదిదో మొదట చూడవలెను.

మీలో కొందరు, ‘కావేరి తగవులో మనమేల తలదూర్చవలెను? ఇరు ప్రక్కలవారికిని పరాయివారమగుదుము’ అని శంకింపవచ్చును. ఆ భయము నాకును తెలియును. తగవు ముదిరిన దినములలో అంగడి తలుపులు ముందుగా మూసికొనువారము మనమే. కాని మనవారు మైసూరు సీమలోను ఉన్నారు, తమిళ సీమలోను ఉన్నారు. ఇరు భాషలును మనకు వచ్చును. నేను కోరునది ఎవరి వాటానుండియు ఒక్క చుక్క తగ్గింపుమని కాదు. ఇచ్చు నీటినే నది బ్రదుకునట్లు ఇమ్మని. ఈ మాట పలుకుటకు ఉభయులకును చుట్టమైనవానికంటె తగినవాడెవడు?

కావున మూడు సంగతులు సభవారి ముందుంచుచున్నాను. ఫిబ్రవరి–మే నెలల నీటిని సమముగా విడువవలసినదిగా కావేరీ జల నిర్వహణాధికార సంస్థకు వినతిపత్రము పంపుట. నదిలో అన్యజాతి మహసీరు పిల్లలను విడువవలదని ఇరు రాష్ట్రముల మత్స్యశాఖలను కోరుట. మేకెదాటు ఆనకట్ట ప్రతిపాదన యే దరి చేరినను, అందు ఈ చేప సంగతి ముందుగా తేల్చవలెనని కోరుట.

వ్యాపారమున అప్పు మూడు తరములు దాటినను పద్దు కొట్టివేయము. ఈ నదికి మనము పడిన బాకీ అంతకంటె పాతది. దానిని తీర్చుకొను దారి నాకు తోచినంతవరకు చెప్పితిని. సభవారు ఆలోచించి తీర్మానింపగలరని ప్రార్థించుచు, సెలవు గైకొనుచున్నాను.