పెరటి పూలు – పిట్టల విందు



పెరటిలో పూలచెట్టు నాటుట మనకు క్రొత్త కాదు. దేవుని పూజకు కొన్ని, ఆడపిల్లల జడలకు కొన్ని, మందులకు కొన్ని నాటుచునే యున్నాము. పక్షులకొఱకు నాటదగిన పూలచెట్లును మన నేలయందు గలవని మనవి చేయుటకే నేటి ప్రసంగము.

పూవునకును పిట్టకును గల చెలిమి ఇచ్చిపుచ్చుకొనుటచే నిలిచినది. పూవు తేనె నిచ్చును. పిట్ట పుప్పొడిని మఱియొక పూవునకు చేర్చును. పూవును వెదకుటకు పిట్ట వాసనకంటె కంటిచూపునే నమ్ముకొనును. అందుచేత పిట్టలను పిలుచు పూలు తఱచు ఎఱ్ఱగా నుండును. వాసన కొంచెము, తేనె పలుచన, కాని సమృద్ధి. మల్లె సాయంకాలము విరిసి పరిమళముతో పురుగులను పిలుచును. మోదుగ పట్టపగలు రంగుతో పిట్టలను పిలుచును.

మాఘఫాల్గుణములలో మోదుగ ఆకు రాల్చి ఒడలెల్ల పూచును. అప్పుడా చెట్టుక్రింద కొంతసేపు నిలిచి చూడుడు. తేనెపిట్టలు, గోరువంకలు, పిగిలిపిట్టలు, తుదకు కాకులు సైతము వచ్చిపోవుచుండును. బూరుగయు, బాడితయు నట్టివే. నీరు తఱుగు దినములలో నివి పక్షులకు చలివేంద్రములు.

ఈ సంబంధమును శ్రద్ధతో పరిశీలించిన మహనీయుడు సాలిం ఆలీ. హైదరాబాదు సంస్థానమందలి పక్షుల పరిశీలన నాయన 1931లో ఆరంభించెను. 1932లో మన దేశమందలి పూలపక్షులను గూర్చియు, పక్షుల పూలను గూర్చియు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో విపులమైన వ్యాసము ప్రకటించెను.

ఇక నాటవలసినవి చెప్పెదను. చోటు కొంచెమున్నవారికి అడ్డసరము మేలు. కొమ్మ పాతినను బ్రదుకును. ఆకు చేదగుటచే మేకలు ముట్టవు. కంచెకును దగ్గుమందునకును పనికివచ్చును. పూలు తెల్లనివైనను చలికాలమున తేనెపిట్టలు దానిని విడువవు. నూరువరహాల చెట్టు కుండీలోనైనను పెరుగును. పూలు తేనెపిట్టలకు, పండ్లు పిగిలిపిట్టలకు. తంగేడు బతుకమ్మకే కాక పిట్టలకును అక్కఱకు వచ్చును. దాని ఆకు తిను గొంగళిపురుగులు పిట్టపిల్లలకు ఆహారము. దొడ్డి విశాలముగా నున్నచో కంచెవెంట బాడితకొమ్మ నాటుడు.

ఒక్క జాగ్రత్త ముఖ్యము. తేనెపిట్ట తాను తేనె త్రాగినను పిల్లలకు సాలెపురుగులను, చిన్న పురుగులను తెచ్చిపెట్టును. పూలచెట్లపై పురుగుమందు చల్లుట విందునకు పిలిచి విస్తరిలో విషము వడ్డించుటయే. సాలెపట్టు దారములతో తిత్తివలె అల్లిన గూడు కొమ్మకు వ్రేలాడుచుండిన, పిల్లలు ఎగిరిపోవువఱకు ఆ కొమ్మపై కత్తి పెట్టకుడు.

మా హబ్సిగూడ ఒకప్పుడు నగరమునకు వెలుపలి చిన్న యూరు. ఉప్పల్, నాచారములును నట్టివే. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఇచ్చటనే యున్నది. నాచారమున కర్మాగారములు లేచెను. పెరళ్ళుగల యిండ్లు అంతస్తుల భవనములాయెను. పెరళ్ళతోపాటు చెట్లును పోయెను. నగరవీథులలో పచ్చదనమునకై కోనోకార్పసు అను పరదేశపు చెట్టును విరివిగా నాటిరి. చూచుటకు పచ్చగానే యుండును; తేనెపిట్ట ముక్కు పెట్టదగిన పూవొక్కటియు దానికి లేదు. తెలంగాణ ప్రభుత్వము 2022లో హరితహారమునందు దానిని నాటవలదని నిశ్చయించెను.

మా యూరికి జరిగినది మీ యూరికిని జరుగవచ్చును. పొలము ప్లాట్లగునాడు గట్టుమీది మోదుగను కొట్టుదమా, ఉంచుదమా యని మొదట అడుగుట మిమ్మునే. ఉంచుడని చెప్పుడు. మోదుగ మెల్లగా ఎదుగు చెట్టు. కొట్టినదానికి బదులు నాటిన మొక్క పూచుటకు ఏండ్లు పట్టును. అన్ని యేండ్లు పిట్టలు పస్తుండజాలవు. ఉన్న చెట్టును నిలుపుట ఖర్చు లేని పుణ్యము.

తొలకరి పడినంతనే ఒక అడ్డసరపుకొమ్మ పెరటిలో పాతుడు. నీరు మనుమలచేత పోయింపుడు. పూచిననాడు పిట్ట తానే వచ్చును. దాని పేరు పిల్లలకు మీరే చెప్పుడు.