నెల సరుకులు, యింటి వంట

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మన యిళ్లకు పనికివచ్చే సంగతి యేదైనా చెప్పండి" అని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. కవిత్వం చెప్పగలవారు, పంచాంగం విప్పగలవారు యీ వేదిక మీద వున్నారు. నేను మెట్రిక్ చదివి, యీ ఖరగ్‌పూర్‌లో రైల్వే ఆఫీసులో బిల్లులు రాసుకునే గుమాస్తాను. నాకు తెలిసిన విద్య పద్దు ఒక్కటే. కనుక మన వంటింటి పద్దును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మాది యానాంలోని మెట్టకూరు. ఫ్రెంచివారు యేలిన రోజుల్లో, అంటే 1954కు ముందు, యానాం మంగళవారం సంతకు గొప్ప పేరు. విదేశీ సరుకు, చాటుమాటు సరుకు కొనడానికి చుట్టుపక్కల యింగ్లీషు జిల్లాలవారు కూడా అక్కడికి వచ్చేవారు. మా పెద్దల లెక్క ఆ సంత మీద నడిచేది. ఉప్పు, ఎండుచేప మంగళవారానికి మంగళవారం. చింతపండు, మిరపకాయలు, మినుములు యేడాదికి ఒకసారి.

మన జీతగాళ్లకు సంత లేదు, పంట లేదు. మనకున్నది నెల. అందులోనూ ఒక చిక్కు వున్నది. మిగతా నెలల జీతం నెలాఖరుకే అందుతుంది గాని, మార్చి జీతం మాత్రం ఏప్రిల్‌లో మొదటి పనిదినాన గాని రాదు. ఉగాది ఒక్కొక్క యేడు సరిగా ఆ సందులోనే వచ్చి కూర్చుంటుంది. 2025లో మార్చి 30న వచ్చింది. కొత్త చింతపండు, కొత్త మిరపకాయలు బజారులోకి వచ్చేదీ ఆ రోజుల్లోనే. యేడాది సరుకు చవకగా దొరికే వేళకు మన చేతిలో వున్నది ఫిబ్రవరి జీతం తాలూకు అడుగు చిల్లర!

అప్పుడేం చేస్తాం? షాపులో ఖాతా పెడతాం. ఖాతా వున్నచోట ధర అడగడానికి నోరు రాదు, తూకం చూడడానికి కన్ను రాదు. పుచ్చుపప్పు యిచ్చినా పుచ్చుకుని వస్తాం. వడ్డీ రాయలేదు గదా అనుకుంటాం. వడ్డీ ఆ పప్పులోనే వున్నది.

దీనికి నా మందు దసరా బోనసు. చాలా యేళ్లుగా మనకు 78 రోజుల బోనసు, హెచ్చు మొత్తం 17,951 రూపాయలు, పండుగకు ముందు అందుతున్నది. అది గోల్‌బజార్‌లో బట్టల షాపు దాటి యింటికి రావడం కష్టమని నాకూ తెలుసు. అయినా అందులో ఒక మూడు వేలు వేరే ఖాతాలో వేసి, చింతపండు, మిరపకాయలు, కందిపప్పు అని దానికి పేరు పెట్టండి. పేరు పెట్టిన డబ్బును ముట్టుకోవడానికి చెయ్యి కాస్త వెనుకాడుతుంది. మా పుదుచ్చేరి ప్రాంతంలో 2015 సెప్టెంబరు నుంచి చౌక బియ్యానికి బదులు బ్యాంకులో డబ్బు వేయసాగారు. బియ్యం యింటికి వస్తే బియ్యంగానే వుంటుంది. డబ్బు వస్తే అది మందు చీటీ కావచ్చు, ఫోను బిల్లు కావచ్చు. అందుచేత జీతం అందిన మొదటి వారంలోనే బియ్యం, పప్పు, నూనె మూడూ యింట్లో పడాలని నా అభిప్రాయం.

యెంత పడాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన సూచనలలో ఒక మనిషికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు అని వేశారు. నలుగురికి ముప్పై రోజులకు గుణించి చూశాను. ధాన్యం 30 కిలోలు, పప్పు 10 కిలోలు, నూనె మూడుంబావు కిలోలు. మన చీటీల్లో బియ్యం దీనికి మించుతుంది, పప్పు సగానికి కూడా రాదు. 1958లో కిలోల తూకం వచ్చినా మన ఆడవారి చేతిలో సోల, తవ్వ యింకా వున్నాయి. వుండనివ్వండి. మీ తవ్వకు యెన్ని గ్రాముల బియ్యం పడతాయో ఒకసారి తూచి, గోడమీద రాసుకుంటే చాలు.

ఇక అసలు సంగతి. నెలాఖరు వారంలో పప్పు తగ్గితే యెవరి కంచంలో తగ్గుతున్నది? ఆయనకు డ్యూటీ, పిల్లలకు బడి, అత్తగారికి షుగరు. అందరికీ వడ్డించి, మిగిలిన చారుతో ఆఖరున తినే మనిషి ఒకరున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 యేండ్ల స్త్రీలలో రక్తహీనత దేశంలో నూటికి 57 మందికి, ఆంధ్రలో సుమారు 59 మందికి, మనం కాపురముంటున్న యీ పశ్చిమ బెంగాలులో 71 మందికి కనిపించింది. చీటీలో నలుగురని రాసి ముగ్గురికి వండితే అది తప్పుడు పద్దు. మా ఆడిట్‌వారైతే వూరుకోరు. వంట దించగానే ఆమె పాలు పప్పు, కూర వేరే గిన్నెలో తీసి మూతపెట్టండి. లేదా అందరూ ఒక్కసారే కూర్చోండి. అక్కలు నవ్వుతున్నారు, అన్నలు వినాలి.

చీటీ రాసే పద్ధతి కూడా తిరగబడాలి. మనం ముందు సరుకు కొని, తరువాత "యేం వండను?" అని రోజూ అడుగుతాం. రైల్వేలో రోస్టరు ముందు, మనిషి తరువాత. అలాగే వారానికి వంట రోస్టరు ముందు వేసి, దాని నుంచి చీటీ తీయాలి. సోమవారం ఆకుకూర పప్పు, మంగళవారం పులుసు, శనివారం రాత్రి రుబ్బిన పిండి ఆదివారం ఇడ్లీ, సోమవారం అట్టు. రోస్టరు వేయవలసింది వండే మనిషి. మోయవలసింది జీతం తెచ్చే మనిషి. యిద్దరికీ జీతమున్న యిళ్లలో వంతులు వేసుకోండి.

బజారులో కొత్త పేర్లకు భయపడవద్దు. పుంయిశాక్ అని యిక్కడివారు అమ్మేది మన బచ్చలి. మోచా మన అరటిపువ్వే. బెంగాలులో పొలాల నిండా పండే స్వర్ణ వరి మన పశ్చిమగోదావరి మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైనదే. యిక్కడ దాన్ని యెక్కువగా ఉప్పుడు బియ్యం చేస్తారు గనుక మనకు పరాయిదిగా తోస్తుంది. పచ్చిబియ్యమే కావాలంటే షాపులో అలాగే అడగాలి. టొమాటో ధర మండిన రోజున, 2023 జూలైలో మండినట్లు, చింతపండు, గోంగూర మనకు యెటూ వున్నాయి. ఇక పులస. అది కూడా యిక్కడివారి ఇలిశే, వరదనీటికి గోదావరి యెక్కేది. మా యానాంలో దాని ధర విన్న తరువాత నేను దాన్ని రోస్టరులో చేర్చలేదు.

నా రోస్టరు నమూనా కార్యదర్శిగారి వద్ద వుంచాను. కావలసినవారు తీసుకోవచ్చు. గడులలో వున్నవి మెట్టకూరు కూరలు. శ్రీకాకుళంవారు, విజయనగరంవారు వాటిని కొట్టివేసి తమవి రాసుకోవలెనని మనవి.